స్కానింగుకూ ఆపరేషన్‌కూ నడుమ

(గర్భసంచి గడ్డలకు హార్మోన్ వైద్యం గురించి రాజుపాలెంలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)

‘ఇది ఆడవాళ్ళ సంగతి, మనం ఉండొచ్చో లేదో’ అని వాకిట్లో నిలబడిపోయిన మగవాళ్ళారా, లోపలికి రండి. ఆసుపత్రిలో ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టేది చాలాసార్లు మీరే.

ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆమెను ఈ మండలంలో పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. అందరికీ సిస్టరమ్మే. ఏఎన్ఎం ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రిటైరయ్యే దాకా కుందూ ఒడ్డున ఉన్న ఈ ఊళ్ళే తిరిగింది. వాన పడితే నల్లరేగడిలో చెప్పులు చేతబట్టుకుని నడిచేది. ఏ ఇంటికి వెళ్ళినా బీపీ చూడకముందే ఒక ప్రశ్న అడిగేది: ‘ముట్టయితే దినానికి ఎన్ని గుడ్డలు మారుస్తావే?’ ఆ జవాబును అంకెగా రిజిస్టరులో పేరు పక్కనే రాసుకునేది. రెండు, మూడు అంటే సరే. ఎనిమిది, పది అంటే ఆ పేరు కింద ఎర్ర గీత పడేది. గడ్డలు గడ్డలుగా పడుతోందా, రాత్రి లేచి మార్చుకోవాల్సి వస్తోందా అని మళ్ళీ అడిగేది. కింది రెప్ప లాగి కళ్ళు చూసేది. ఆ తర్వాతే మిగతా మాటలు.

పరిశోధకులు చేసేదీ అదే పని, కాకపోతే పెద్ద ఎత్తున. వాడిన ప్యాడ్లన్నీ సేకరించి, రసాయన పద్ధతిలో వాటిలోని రక్తాన్ని కొలుస్తారు. ఒక నెలసరికి 80 మిల్లీలీటర్లు దాటితే దాన్ని అధిక రక్తస్రావం అంటారు. ఈ రోజు నేను మీ ముందు పోల్చి చూపించబోయే మందుల్లో చాలావాటి మంచిచెడ్డలు తేలింది ఆ కొలత మీదే. మన దగ్గర మాత్రం ఆ కొలత ఎవరికీ పట్టదు. స్కానింగ్ రిపోర్టులో గడ్డ ఎన్ని సెంటీమీటర్లుందన్నదే పడుతుంది. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. వైద్యం చేయాల్సింది రిపోర్టులోని సెంటీమీటరుకు కాదు, ఆ మనిషి పోగొట్టుకుంటున్న రక్తానికి, పడుతున్న నొప్పికి, ఆమె వయసుకు, ఆమె కోరికకు. అలా చూస్తే స్కానింగుకూ ఆపరేషన్‌కూ నడుమ చాలా దారులు కనిపిస్తాయి.

ముందు మన రాష్ట్రం సంగతి. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో గర్భసంచి తీసేయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలూ మన రెండు తెలుగు రాష్ట్రాలవే. 2019-21 సర్వేలోనూ ఆ వరస మారలేదు. కారణం అడిగితే సగానికి పైగా ఆడవాళ్ళు చెప్పింది ఎక్కువ రక్తస్రావం, నొప్పి. ఐదింట ఒకరు చెప్పింది గడ్డలు, తిత్తులు. దేశంలో ఈ ఆపరేషన్ల సగటు వయసు 34 ప్రాంతంలో ఉంది. గర్భసంచి గడ్డలు తమంతట తాము కుంచించుకుపోయే మెనోపాజ్ వయసుకు అది పదేళ్ళకు పైగా ముందు.

ఇలా ఎందుకయిందని అడిగితే వైద్యుల అత్యాశ అనే జవాబు తొందరగా వస్తుంది. ఆ మాటలో నిజం లేకపోలేదు. 2009లో మెదక్ జిల్లా మునిపల్లి మండలంలో డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ ప్రకాష్ వింజమూరి చేసిన అధ్యయనం ఈ సంగతిని బయటపెట్టింది. చిన్న వయసులో, తెల్లబట్ట, నడుము నొప్పి లాంటి బాధలకు కూడా గర్భసంచులు తీసేశారని అందులో తేలింది. అయినా అత్యాశ ఒక్కటే కారణమంటే లెక్క కుదరదు. నాకు కనిపించే కారణాలు ఇంకా రెండున్నాయి.

మొదటిది, మన ఆడవాళ్ళకు హార్మోన్ మాత్రతో పరిచయమే లేదు. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. చాలామందికి ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళకే అయిపోతుంది. మాత్రలు, కాపర్‌టీ వాడేవాళ్ళు నూటికి ఒకరు కూడా ఉండరు. అంటే రోజూ ఒక మాత్ర వేసుకుని శరీరం ఎలా మారుతుందో గమనించుకునే అలవాటు మన తరాలకు రాలేదు. మన ఆడపిల్లకు గర్భసంచి వైద్యమంటే మొదటి నుంచీ కోతే. మొదటి కోత పిల్లలు చాలనుకున్నప్పుడు, రెండో కోత రక్తం ఎక్కువైనప్పుడు. చిత్రమేమిటంటే, హార్మోన్ మాత్ర మన ఇళ్ళలోకి వేరే దారిన ఎప్పుడో వచ్చింది. తిరుపతి ప్రయాణం ముందో, కూతురి పెళ్ళి ముందో నెలసరి వాయిదా వేసుకోవడానికి మెడికల్ షాపులో కొనే ఆ చిన్న తెల్ల మాత్ర నోరెథిస్టెరాన్. గుడికి పోవడానికి ఆ మాత్ర వేసుకున్న ఆమే, అదే మాత్ర డాక్టరు రక్తస్రావానికి రాస్తే ‘హార్మోన్లా? వద్దమ్మా, క్యాన్సరొస్తాదంట’ అంటుంది.

రెండో కారణం డబ్బు నడిచే తీరు. మన జిల్లావారు, జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో కొంతకాలం డాక్టరుగా పనిచేసి, పులివెందులలో తండ్రి పేరిట ఆసుపత్రి పెట్టిన రాజశేఖరరెడ్డి గారు ముఖ్యమంత్రిగా 2007లో ఆరోగ్యశ్రీ తెచ్చారు. గుండె ఆపరేషన్ అంటే పొలం అమ్ముకోవాల్సిన కుటుంబాలను అది నిలబెట్టింది. ఆ పథకం విలువ నాకు తెలుసు. అయితే అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సల పథకం. కార్డు ఆపరేషన్‌కు పనికొస్తుంది. ఏడాది పాటు ఇంట్లో వేసుకోవాల్సిన మాత్రకు పనికిరాదు. గర్భసంచి ఆపరేషన్లు లెక్కకు మించి పెరిగాక వాటిని ప్రైవేటు ఆసుపత్రుల జాబితా నుంచి తప్పించి ప్రభుత్వ ఆసుపత్రులకు పరిమితం చేశారు. అది మంచి నిర్ణయమే. కానీ ఆపరేషన్‌కు తలుపు మూశారు తప్ప మందుకు తలుపు తెరవలేదు. దాంతో చాలామంది అప్పు చేసి మరీ ప్రైవేటులోనే చేయించుకుంటున్నారు.

సరే, అసలు ఈ గడ్డ ఏమిటి? గర్భసంచి గోడ కండరంతో తయారైనది. ఆ కండరంలో ఒకచోట కణాలు గుండ్రంగా, గట్టిగా పెరిగితే అదే ఫైబ్రాయిడ్. క్యాన్సర్ కాదు. క్యాన్సర్‌గా మారే వస్తువూ కాదు. గర్భసంచి కండరంలో సార్కోమా అనే అరుదైన క్యాన్సర్ ఉంది. అది మామూలు ఫైబ్రాయిడ్ ముదిరి వచ్చేది కాదనీ, చాలావరకు విడిగా పుట్టేదనీ పరిశోధకుల అభిప్రాయం. అమెరికాలో 2003లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో యాభై ఏళ్ళు వచ్చేసరికి తెల్లజాతి ఆడవాళ్ళలో దాదాపు 70 శాతానికి, నల్లజాతి ఆడవాళ్ళలో 80 శాతానికి పైగా ఈ గడ్డలున్నట్టు తేలింది. వాళ్ళలో చాలామందికి ఏ బాధా లేదు. కాబట్టి కడుపు నొప్పికని స్కానింగ్ తీస్తే రెండు సెంటీమీటర్ల గడ్డ కనబడిందంటే, ఆ నొప్పికి అదే కారణమని చెప్పలేం. ఆ కాగితం చూపించి ‘క్యాన్సర్ అయితే?’ అని భయపెట్టేవాళ్ళకు మీరు ఒప్పుకోవాల్సిన పని లేదు.

రిపోర్టు తీసుకున్నాక సైజు కంటే ముందు చూడాల్సింది గడ్డ ఎక్కడుందన్నది. సంచి లోపలి గదిలోకి పొడుచుకొచ్చినదాన్ని సబ్‌మ్యూకస్ అని రాస్తారు. గోడ మధ్యలో ఉంటే ఇంట్రామ్యూరల్. బయటికి పెరిగితే సబ్‌సీరస్. ఒక్క సెంటీమీటరే ఉన్నా లోపలి గదిలో ఉన్నది నెలనెలా చెంబులకొద్దీ రక్తం పోయేలా చేయగలదు. ఆరు సెంటీమీటర్లున్నా బయటివైపున్నది కిక్కురుమనకుండా ఉండిపోవచ్చు. మందు ఎంపిక కూడా దీన్నిబట్టే మారుతుంది.

గడ్డకు మేత రెండు హార్మోన్లు, ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్. చాలా ఏళ్ళపాటు దోషమంతా ఈస్ట్రోజెన్‌దే అనుకున్నారు. తర్వాత పరిశోధనలో ప్రొజెస్టెరాన్ పాత్ర అంతకు తక్కువ కాదని తేలింది. ఇక్కడే మెలిక ఉంది. గర్భసంచి లోపలి పొరను పలచబరచి రక్తస్రావాన్ని ఆపేదీ ప్రొజెస్టెరాన్ లాంటి మందే, గడ్డ కణాలకు బలమిచ్చేదీ ఆ హార్మోనే. అందుకే రక్తం తగ్గించే ప్రతి మందూ గడ్డను కరిగించదు. ‘మూడు నెలలు మాత్రలు మింగినా గడ్డ అట్లే ఉందమ్మా’ అని నిరాశగా వచ్చేవాళ్ళను నేనడిగేది సిస్టరమ్మ ప్రశ్నే. గుడ్డలు పది నుంచి మూడుకు దిగాయా? హిమోగ్లోబిన్ 7 నుంచి 10కి వచ్చిందా? వస్తే ఆ మందు చేయాల్సిన పని చేసినట్టే.

ఇక మందుల దగ్గరికి వద్దాం. హార్మోన్ లేని మందు ఒకటి ముందు చెప్పాలి, ఎందుకంటే మిగతావాటిని దీనితో పోల్చే ఎంచాలి. అది ట్రానెగ్జామిక్ యాసిడ్. జపాన్‌లో ఉతాకో ఒకామోతో అనే డాక్టరమ్మ, భర్త షోసుకేతో కలిసి 1962లో వెలుగులోకి తెచ్చిన మందు. రక్తం ఎక్కువ పోయే నాలుగైదు రోజులు మాత్రమే వేసుకోవాలి. గడ్డ మీద దీని ప్రభావం లేదు. పిల్లలు కావాలనుకునేవాళ్ళకు అడ్డు రాదు. కాళ్ళలో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్ళకు పనికిరాదు.

నోరెథిస్టెరాన్ మాత్రలు నెలలో ఇరవై ఒక్క రోజులు వాడితే రక్తం బాగా తగ్గుతుంది. వరదలా పోతున్నప్పుడు ఆపడానికి కూడా మేం మొదట చేతిలోకి తీసుకునేది దీన్నే. చవక, ఏ ఊరి షాపులోనైనా దొరుకుతుంది. కానీ దీర్ఘకాలం వేసుకుంటే రొమ్ముల్లో బరువు, కడుపుబ్బరం, చిరాకు అంటారు చాలామంది. మానేసిన నెలే పాత కథ మొదలవుతుంది. ఈస్ట్రోజెన్ కూడా కలిసి ఉండే గర్భనిరోధక మాత్రల సంగతీ దాదాపు ఇంతే. రక్తం తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది, గడ్డ తగ్గదు. బీపీ ఉన్నవాళ్ళకు, కళ్ళ ముందు మెరుపులు కనబడే తలనొప్పి వచ్చేవాళ్ళకు అవి వద్దు.

ఈ పోలికలో నేను ఎక్కువసేపు నిలబడాలనుకునేది హార్మోన్ లూపు దగ్గర. కాపర్‌టీ లాగే సంచిలో పెడతారు. కాకపోతే రాగి బదులు దాని కాండంలో 52 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ ఉంటుంది. మొదట్లో రోజుకు 20 మైక్రోగ్రాముల చొప్పున అక్కడికక్కడే విడుదలవుతుంది. మందంతా సంచి లోపలే పనిచేస్తుంది, రక్తంలోకి వెళ్ళేది తక్కువ. 1990లో ఫిన్లాండ్‌లో మొదట అమ్మకానికి వచ్చింది. ఆ దేశంలోనే రక్తస్రావం ఎక్కువై ఆపరేషన్‌కు సిద్ధమైన 236 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఈ లూపు, రెండో జట్టుకు గర్భసంచి ఆపరేషన్. ఐదేళ్ళ తర్వాత చూస్తే రెండు జట్ల ఆరోగ్యం, జీవితం తీరు దాదాపు సమానం. ఖర్చు లూపు జట్టుకు బాగా తక్కువ. లూపు జట్టులో 42 శాతం మంది చివరికి ఆపరేషన్ చేయించుకున్నారన్నది కూడా నిజం. దాన్ని నేను దాచను. కానీ అదే అంకెను ఇవతలి వైపు నుంచి చదవండి. ఆపరేషన్ బల్ల దాకా వచ్చిన వందమందిలో 58 మందికి ఐదేళ్ళ తర్వాత కూడా ఆపరేషన్ అవసరం పడలేదు.

హార్మోన్ లూపుకు హద్దులున్నాయి. లోపలి గది ఆకారాన్ని గడ్డ వంకర చేసి ఉంటే లూపు నిలవదు, జారి బయటపడే అవకాశం ఎక్కువ. మొదటి మూడు నుంచి ఆరు నెలలు మరకలు మరకలుగా రక్తం కనబడుతుంది. ఈ మాట ముందే చెప్పని చోట, రెండో నెలలోనే ‘తీసేయండి’ అని వచ్చేస్తారు. ముందే కూర్చోబెట్టి చెప్పినచోట ఓపిక పడతారు. సంవత్సరం తిరిగేసరికి కొందరికి నెలసరే రాదు. అప్పుడు ఇంకో భయం: ‘చెడు రక్తం లోపలే ఉండిపోతాదేమో’. లోపల చెడు రక్తమేమీ పోగుపడదు. పొర పలచనైంది కాబట్టి రాలిపడడానికి ఏమీ లేదు, అంతే. ఒకసారి పెడితే ఐదేళ్ళు. ఆరోగ్యశ్రీ కార్డు మీద దీన్ని ఇప్పించగలిగితే మన జిల్లాలో ఎన్ని ఆపరేషన్లు తప్పుతాయో అని నేను తరచూ అనుకుంటాను.

గడ్డను నిజంగా చిన్నది చేసే మందులు వేరే జాతి. మెదడులో హైపోథలామస్ అనే చోటు నుంచి జీఎన్ఆర్‌హెచ్ అనే హార్మోన్ ఆగి ఆగి వస్తూ అండాశయాలను పని చేయిస్తుంటుంది. 1971లో దాని నిర్మాణాన్ని కనిపెట్టిన షాలీ, గీమాఁ అనే శాస్త్రవేత్తలకు 1977లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ హార్మోన్‌ను పోలిన ల్యూప్రొలైడ్ లాంటి ఇంజెక్షన్ నెలకొకటి ఇస్తే, తలుపు అదే పనిగా బాదుతుంటే లోపలివాళ్ళు విసిగి గడియ పెట్టుకున్నట్టు, పిట్యుటరీ గ్రంథి స్పందించడం మానేస్తుంది. ఈస్ట్రోజెన్ పడిపోతుంది. మూడు నుంచి ఆరు నెలల్లో గడ్డ మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుంది, నెలసరి ఆగుతుంది, రక్తం పడుతుంది. కానీ దానికి కట్టే మూల్యం ఉంది. ఒళ్ళంతా ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఎముకల పటుత్వం తగ్గడం. అందుకే ఒంటరిగా ఆరు నెలలు దాటి ఇవ్వరు. ఆపితే కొన్ని నెలల్లో గడ్డ మళ్ళీ పెరుగుతుంది. ఖర్చు నెలకు వేలల్లో. కనుక ఇది ఆపరేషన్‌కు బదులు వాడే మందు కాదు. ఆపరేషన్‌కు ముందు రక్తం పట్టించడానికి, పెద్ద గడ్డను చిన్నది చేసి చిన్న కోతతో ముగించడానికి వాడే మందు. హిమోగ్లోబిన్ 6తో వచ్చినామెను నేరుగా బల్ల ఎక్కించకుండా, ఐరన్‌తో పాటు మూడు నెలలు దీన్నిచ్చి 11కు తెచ్చి ఎక్కించడంలో ఎంత తేడా ఉందో మత్తు డాక్టర్లను అడిగితే చెబుతారు.

ఇదే దారిలో ఇటీవల మాత్రలొచ్చాయి. ఇవి గ్రంథిని విసిగించవు, నేరుగా అడ్డం నిలుస్తాయి. అందువల్ల ఇంజెక్షన్ వేసిన మొదటి వారాల్లో కనిపించే హార్మోన్ పొంగు వీటికి లేదు. వీటిలో రెలుగోలిక్స్‌ను ఫైబ్రాయిడ్లకు మొదట అనుమతించింది జపాన్, 2019లో. అమెరికాలో ఎలగోలిక్స్‌తో కూడిన మందు 2020లో, రెలుగోలిక్స్‌తో కూడినది 2021లో వచ్చాయి. వీటి కొత్తదనం మాత్ర కావడంలో లేదు. ఈస్ట్రోజెన్‌ను పడగొడుతూనే, ఎముకకూ ఒంటికీ అవసరమైనంత ఈస్ట్రోజెన్, దానికి తోడు కాస్త నోరెథిస్టెరాన్ అదే మందులో కలిపి ఇస్తారు. పోగొట్టుకున్నది తిరిగి కొంత చేతిలో పెట్టడం అన్నమాట. రెలుగోలిక్స్ మీద జరిగిన రెండు పెద్ద ట్రయల్స్‌లో 73, 71 శాతం మందికి రక్తస్రావం 80 మిల్లీలీటర్లలోపుకు వచ్చి, ముందున్నదానిలో సగానికైనా తగ్గింది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్ళలో అలా తగ్గింది 19, 15 శాతం మందికే. గడ్డ సైజు మాత్రం ఇంజెక్షన్‌తో తగ్గినంత తగ్గదు. అమెరికాలో రెండేళ్ళకు మించి వాడవద్దన్నారు, ఎముకల కోసమే.

హార్మోన్ మందుల్ని పోల్చేటప్పుడు ఎంత జాగ్రత్త కావాలో చెప్పడానికి యులిప్రిస్టాల్ కథ ఒక్కటి చాలు. ఇది ప్రొజెస్టెరాన్‌ను కణం దగ్గరే అటకాయించే మాత్ర. 2012లో దీని ఫలితాలు వచ్చినప్పుడు మా వైద్యులంతా సంబరపడ్డాం. రోజుకు 5 మిల్లీగ్రాముల మాత్రతో 90 శాతం మందికి రక్తస్రావం అదుపులోకి వచ్చింది, ల్యూప్రొలైడ్ ఇంజెక్షన్‌తో 89 శాతం. అంటే ఇంజెక్షన్‌కు ఏమాత్రం తీసిపోలేదు. పైగా నెలసరి ఆగడానికి ఇంజెక్షన్‌కు మూడు వారాలు పడితే దీనికి ఒక వారం. బాధపెట్టేంత ఆవిర్లు వచ్చినవాళ్ళు ఇంజెక్షన్ జట్టులో 40 శాతం, మాత్ర జట్టులో 11 శాతమే. కాగితం మీద ఇంతకంటే గెలుపు ఉండదు. ఆ తర్వాత లక్షల మంది వాడాక, వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందికి కాలేయం దెబ్బతిని మార్పిడి దాకా వెళ్ళింది. 2018లో యూరప్ మందుల సంస్థ ఆంక్షలు పెట్టింది, 2020లో వాడకాన్నే ఆపి, సమీక్ష తర్వాత, ఆపరేషన్ కుదరని లేదా ఫలించని వాళ్ళకే పరిమితం చేయాలంది. ఈ గడ్డలకు వాడడానికి అమెరికా అసలు అనుమతే ఇవ్వలేదు. కొన్ని వందల మంది మీద చేసిన ట్రయల్‌లో లక్షకు ఒకరికి వచ్చే ప్రమాదం కనబడదు. మందు ఎంత బాగా పనిచేస్తుందన్నది ఒక ప్రశ్న, ఎన్నేళ్ళ అనుభవం ఉందన్నది ఇంకో ప్రశ్న. ఎవరైనా మీకు యులిప్రిస్టాల్ రాస్తే, ముందు కాలేయం పరీక్ష చేయించారా, వాడుతున్నప్పుడు మళ్ళీ చేయిస్తారా అని అడగండి.

దానికి దగ్గరి చుట్టం మిఫెప్రిస్టోన్. గర్భం తీయించుకునే మాత్రగా దీనికి పేరు. అప్పుడు వాడేది 200 మిల్లీగ్రాములు. గడ్డలకు 10 లేదా 25 చొప్పున రోజూ మూడు నెలలు. రక్తస్రావం తగ్గుతుంది, జీవితం సుఖపడుతుంది. గడ్డ సైజు మీద దీని ప్రభావాన్ని 2012 నాటి కోక్రేన్ సమీక్ష స్పష్టంగా తేల్చలేకపోయింది. ఇక పాత డానజోల్ గురించి ఒక మాటే చెబుతాను. రక్తం తగ్గిస్తుంది గానీ గొంతు బొంగురుపోవడం, ముఖం మీద వెంట్రుకలు, బరువు పెరగడం లాంటివి తెచ్చిపెడుతుంది. ఇన్ని మంచివి ఉండగా ఇప్పుడు దాని జోలికి పోనక్కర్లేదు.

మన దేశపు మందు ఒకటుంది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో పుట్టిన సెంట్‌క్రోమాన్. 1991లో సహేలీ పేరుతో అమ్మకానికి వచ్చింది. ప్రభుత్వం దాన్నే ఛాయ పేరుతో, అంతర అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌తో పాటు, 2017 నుంచి ఉచితంగా ఇస్తోంది. అది స్టెరాయిడ్ హార్మోన్ కాదు, ఈస్ట్రోజెన్ ఎక్కే చోటును ఆక్రమించే మందు. పిల్లలు పుట్టకుండా ఇచ్చేది 30 మిల్లీగ్రాముల మాత్ర, మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆ పైన వారానికొకసారి. అధిక రక్తస్రావానికి మేం 60 మిల్లీగ్రాములు వారానికి రెండుసార్లు మూడు నెలలు, ఆ పైన వారానికొకసారి ఇంకో మూడు నెలలు రాస్తాం. ఫైబ్రాయిడ్ ఉన్నవాళ్ళలోనూ చాలామందికి రక్తం తగ్గడం మా చేతుల మీదే చూస్తున్నాం. గడ్డ కరగదు, కొందరికి నెలసరి ఆలస్యమవుతుంది, అండాశయంలో తిత్తి వస్తే కనిపెట్టి ఉండాలి. కానీ వికారం, తలనొప్పి తక్కువగా ఉండే మందు. వారానికి రెండుసార్లే గనుక మరిచిపోవడమూ తక్కువ. ఆ మాత్ర ఈ సభలో కూర్చున్న ఆశా అక్కల సంచిలో ఇప్పటికే ఉంది. అయితే అది డాక్టరు చూసి రాయాలి. తమంతట తాము మోతాదు పెంచుకునేది కాదు.

ఏ హార్మోన్ మొదలుపెట్టడానికైనా ముందు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. నలభై దాటినవాళ్ళకు, లావుగా ఉన్నవాళ్ళకు, షుగరు ఉన్నవాళ్ళకు సంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. థైరాయిడ్ చూడాలి. గర్భసంచి ముఖద్వారం కళ్ళతో చూడాలి. మెనోపాజ్ అయ్యాక రక్తం కనబడితే గడ్డ అనుకుని మందు రాయడం తప్పు, ముందు క్యాన్సర్ లేదని తేల్చాలి. ఇవి చేయకుండా రాసిన మందును నేను సమర్థించను, ఎంత మంచి మందైనా సరే.

ఎవరికేది అన్న ప్రశ్నకు జవాబు వయసులోనే సగం ఉంటుంది. పిల్లలు కావాలనుకునే ఆమెకు ఈ హార్మోన్లలో ఏదీ దారి కాదు, ఎందుకంటే ఇవన్నీ గర్భాన్ని కూడా ఆపుతాయి లేదా వాడేటప్పుడు గర్భం రాకూడదు. ఆమెకు ట్రానెగ్జామిక్ యాసిడ్, అవసరమైతే గడ్డ ఒక్కటే తీసి సంచిని ఉంచే మయోమెక్టమీ. ముప్పై ఎనిమిదేళ్ళ ఆమెకు, లోపలి గది తిన్నగా ఉంటే, హార్మోన్ లూపును మించినది లేదు. అన్నిటికన్నా నా మనసుకు దగ్గరైన ప్రశ్న నలభై ఆరు, నలభై ఏడేళ్ళ ఆమెది. మన దేశంలో మెనోపాజ్ సుమారు నలభై ఆరు దగ్గర వస్తుంది. అంటే ఆమెకు కావలసింది గడ్డను జయించే మందు కాదు, ఒకటి రెండేళ్ళు దాటించే మందు. ఆ తర్వాత గడ్డ దానంతట అదే కుంచించుకుపోతుంది. ఏడాదిన్నర ఓపిక పట్టగలిగే ఆమె పొట్ట కోయించుకుంటున్నదంటే, గడువు ఎంత ఉందో ఆమెకు ఎవరూ చెప్పలేదనే అర్థం.

ఆపరేషన్ అవసరమైనవాళ్ళు లేరని నేననను. గడ్డ పొత్తికడుపంతా నిండి మూత్రనాళాన్ని నొక్కుతుంటే, మందులన్నీ వాడినా రక్తం ఆగకపోతే, సార్కోమా అనుమానం ఉంటే, గర్భసంచి తీయడం ప్రాణం కాపాడే పని. ఆ పని నేనూ చేస్తున్నాను. అయితే తీయించుకునే ఆమెకు ఒక మాట ముందే చెప్పాలి. అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజే మెనోపాజ్. ముప్పైలలో అలా జరిగితే ఎముకలు, గుండె దశాబ్దాల తరబడి దాని ఫలితం మోయాలి. అండాశయాలు ఉంచినా, వాటి పని ఒకటి రెండేళ్ళు ముందే మందగించవచ్చు. నడుము వంచి శనగ పెరికే, పత్తి ఏరే ఆడమనిషికి నలభై ఐదులోనే వెన్నెముక బలహీనపడడం అంటే కూలి పోవడమే. ‘తీసేస్తే పీడ పోతాది గదమ్మా’ అన్న మాటకు నేనిచ్చే జవాబు ఇదే.

రాష్ట్రంలో ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు 2019-21 సర్వే చెప్పింది. ఈ గడ్డల్ని మనం కొలవాల్సింది ఈ అంకెతో కలిపి. సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న ఇచ్చిన తీర్పులో, అనవసరమైన గర్భసంచి ఆపరేషన్లను ఆపడానికి కేంద్ర ఆరోగ్యశాఖ రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని అన్ని రాష్ట్రాలను ఆదేశించింది. ప్రతి ఆపరేషన్‌కూ కారణం రాయడం, చిన్న వయసువారి విషయంలో ప్రత్యేకంగా పరిశీలించడం, జిల్లా స్థాయి కమిటీ ఉండడం ఆ మార్గదర్శకాల్లో భాగాలు. ఆ తీర్పుకు పదేళ్ళ ముందు బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్ ఆడవాళ్ళ కోసం వేసిన కేసు అది. దాని ఫలితం మనకూ వర్తిస్తుంది.

కాబట్టి ఈ వేదిక మీది అధికారులకు నా విన్నపం మూడు పనులు. ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రిలో హార్మోన్ లూపు ఉచితంగా దొరకాలి, పెట్టడం నేర్చిన డాక్టరు ఉండాలి. ఆరోగ్యశ్రీలో గర్భసంచి ఆపరేషన్‌కు అనుమతి అడిగే ప్రతి కాగితం మీద, అంతకు ముందు ఏ మందు ఎన్ని నెలలు వాడారో, హిమోగ్లోబిన్ ఎంతుందో రాయించాలి. మూడోది ఖర్చు లేనిది. ఈ మండలంలో ప్రతి ఏఎన్ఎం రిజిస్టరులో ఇంకో గడి కలపండి. నెలసరిలో రోజుకు ఎన్ని గుడ్డలో, ఎన్ని ప్యాడ్లో రాసే గడి. ఎనిమిది దాటిన ప్రతి పేరునూ ఆ నెలలోనే డాక్టరు చూడాలి.